నంబరు పెద్దదైతే ఇనుము మంచిదా?

తెలుగు పాఠం చెప్పుకుని బతికేవాడికి ఇనుముతో ఏం పని అని మా ఆవిడ అడిగింది. అడగవలసిన మాటే. ఇరవై ఏళ్ళుగా పలమనేరులో పిల్లలకు సంధులూ సమాసాలూ చెబుతున్నానే గాని, ఇంట్లో గోడకు మేకు దిగవేయాలంటే ఈనాటికీ పక్కింటి కుర్రవాణ్ణి కేకవేసే మనిషిని. అటువంటివాణ్ణి ఈ వారం ఇనుము గురించి, అందులోనూ పోత ఇనుము గురించి రాయబోతున్నాను. కారణం వుంది. పోయిన ఏడాది ఒక అంకె నోటికి వచ్చినట్టు చెప్పి, ఒక పెద్దాయన అయిదు నెలలు చేసిన పనిని పాడుచేశాను. ఆ అంకె 260.

ముందు ఆ పెద్దాయన సంగతి చెప్పాలి. మా వీధి చివర వుంటాడు. వయసు డెబ్బయి ఏడు. వీధిలో పిల్లలందరికీ ఆయన ఇంజను తాత. పలమనేరుకు రైలు లేదు. రైలెక్కాలంటే కుప్పానికో చిత్తూరుకో పోవలసిందే. రైలు లేని వూళ్ళో ఇంజను తాత ఏమిటని కొత్తవాళ్ళు నవ్వుతారు. ఆయన రైల్వేలో ఫిట్టరు పని చేసి రిటైరయినవాడు. మీటరుగేజీ మీద ఆవిరి ఇంజన్లు నడిచిన రోజులన్నీ వాటి పొట్ట కింద పడుకుని గడిపినవాడు.

నాకూ ఆ ఇంజన్లు కొంచెం గుర్తే. చిన్నతనంలో మా మేనత్తగారి వూరికి పోతూ మదనపల్లె రోడ్డు స్టేషనులో నిలబడితే, పాకాల వైపు నుంచి నల్లటి ఇంజను బుసలు కొట్టుకుంటూ వచ్చేది. నేను మా నాయన పంచె వెనక దాక్కునేవాణ్ణి. ఆ పాకాల ధర్మవరం లైనును 2010 ప్రాంతంలో బ్రాడ్‌గేజీ చేశారు. అంతకు ముందే ఆవిరి ఇంజన్లు పోయాయి. పోయినవాటిలో ఒకదాన్ని పెద్దాయన తన వసారాలో మళ్ళీ కడుతున్నాడు. బొమ్మ అనకండి, ఆయనకు కోపం వస్తుంది. బొగ్గు వేస్తే మండాలి, నీళ్ళు మరగాలి, మనుమణ్ణి వెనక కూర్చోబెట్టుకుని లాగాలి. అదీ ఆయన పంతం.

ఆయన కడుతున్నది వై.జి. రకం ఇంజను. మీటరుగేజీ మీద గూడ్సు బండ్లు లాగిన రకం. ముందు రెండు చిన్న చక్రాలు, నడుమ ఎనిమిది పెద్ద చక్రాలు, వెనక మళ్ళీ రెండు చిన్నవి. చిత్తరంజన్ కర్మాగారంలో 1972లో తయారైన ఆఖరి ఆవిరి ఇంజను కూడా ఈ రకందే. మీటరు వెడల్పు పట్టాలకు బదులు మూడున్నర అంగుళాల పట్టాలు పెట్టుకున్నాడు కాబట్టి, ప్రతి కొలతా అసలు దానిలో పదకొండో వంతుకు కాస్త తక్కువ. అసలు పెద్ద చక్రం నాలుగడుగులు. ఈయన చక్రం నాలుగుంబాతిక అంగుళాలు.

ఇరుసులు ఉక్కువి, చట్రం ఉక్కుది, బాయిలరు రాగిది. అవన్నీ అయిపోయాయి. మిగిలినవి పోత సామాను: పెద్ద చక్రాలు ఎనిమిది, చిన్నవి నాలుగు, సిలిండర్లు రెండు, పొగగొట్టం, దాని కింద పీట. ఆకులున్న చక్రాన్ని దిమ్మలోంచి చెక్కి తీయడం ఈ వయసులో ఆయన వల్ల కాదు. కొయ్యతో నమూనా చేసి, ఇసుకలో అచ్చు తీసి, కరిగిన ఇనుము పోయించడమే మార్గం. టేకు ముక్కలతో నమూనాలన్నీ ఆయనే చేశాడు. చెయ్యి కొంచెం వణుకుతుంది. పొద్దున పూట వణుకు తక్కువని, రోజూ తెల్లవారి రెండు గంటలు మాత్రం చెక్కేవాడు. అలా అయిదు నెలలు.

బెంగుళూరు దారిలో ఒక పోత కార్ఖానాకు ఆయనతో నేనూ వెళ్ళాను. నమూనాలు ఇచ్చాము, డబ్బు కట్టాము. పెద్దాయనకు ఫోనులో సరిగా వినపడదు గనక నా నంబరు రాయించాడు. వారం తరువాత అక్కడినుంచి ఫోను వచ్చింది.

“సార్, ఏ గ్రేడు పోయమంటారు?”

ఆ సమయానికి నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. పాఠకులు ఈ ఒక్క సంగతి నా పక్షాన గుర్తుపెట్టుకోవాలి.

“ఏమేం వున్నాయి?” అన్నాను.

“150, 200, 220, 260, 300… ఇంకా పైన వున్నాయి.”

నా బుర్రలో మార్కుల జాబితా తెరుచుకుంది. 150 అంటే పాసు. 200 అంటే సెకండు క్లాసు. 300 అంటే మరీ ఖరీదుంటుందేమో. మన పెద్దాయన ఇంజనుకు ఫస్టు క్లాసు వుండొద్దూ? “260 వేయండి” అన్నాను ఎంతో తెలిసినవాడిలా. పెద్దాయన ఇల్లు మా ఇంటికి నూరు గజాలు. లేచి వెళ్ళి అడగలేదు. మళ్ళీ ఎర్ర కలం పట్టుకున్నాను.

సామాను వచ్చింది. పధ్నాలుగు వేల రూపాయలు. చూడముచ్చటగా వున్నాయి చక్రాలు. పెద్దాయన ఒకదాన్ని లేతు మీద బిగించి, మీట నొక్కి, పనిముట్టు ఆనించాడు. పిల్లి తోక తొక్కినట్టు ఒక అరుపు. పనిముట్టు మొన విరిగిపోయింది. ఇంకొకటి పెట్టాడు, అదీ విరిగింది. ఎనిమిది పెద్ద చక్రాల్లో నాలుగు అంతే. సిలిండర్ల అంచులు, అంటే మూతలు బిగించే పలచటి చోట్లు, ఆకురాయి పెడితే జారిపోతున్నాయి, గీత పడదు. పెద్దాయన ఒక చక్రాన్ని సుత్తితో కొట్టాడు. ఆకు టప్పున విరిగింది. విరిగిన చోట తెల్లగా, కలకండ ముక్క పగిలినట్టు మెరుస్తోంది.

“నా నమూనాలే పలచనయినాయి” అన్నాడు. “చెయ్యి వణికి ఎక్కువ చెక్కేసినా.”

నేను ఏమీ అనలేదు. ఆ రోజే కాదు, మూడు వారాలు ఏమీ అనలేదు. ఆయన వసారా ముందునుంచి పోవడం మాని, చుట్టు తిరిగి గుడి వీధిలోంచి కాలేజీకి పోయాను.

ఆ మూడు వారాల్లో ఒక మంచి పని చేశాను. చదువుకున్నాను. మా కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే మిత్రుడు ఓపికగా చెప్పాడు. మన ఇళ్ళలో తెలియవలసిన సంగతే గనక ఇక్కడ చెబుతాను.

పోత ఇనుము అంటే ఉత్త ఇనుము కాదు. నూటికి మూడు పాళ్ళ పైన కర్బనం, రెండు పాళ్ళ దాకా సిలికాన్ అందులో వుంటాయి. ఆ కర్బనం వల్లనే అది ఉక్కు కన్న చాలా తక్కువ వేడికి కరుగుతుంది. ఉక్కుకు సుమారు 1500 డిగ్రీలు కావాలి. దీనికి 1200 లోపే చాలు. అందుకే ఇది పాకంలా పారి అచ్చు మూలమూలకూ పోతుంది. మన చిత్తూరు జిల్లా వాళ్ళకు పాకం సంగతి చెప్పనక్కరలేదు. ఒకే బానలోని పాకం ఎలా చల్లారిందో దాన్నిబట్టి ఒకసారి పలుకుగానూ, ఒకసారి గాజులానూ తయారవుతుంది. పోత ఇనుమూ అంతే. నిదానంగా చల్లారితే లోపలి కర్బనం విడివడి పలచని రేకులుగా పేరుకుంటుంది. ఆ రేకులు గ్రాఫైటు. మీ అబ్బాయి పెన్సిలులో వున్న పదార్థమే. అటువంటి ఇనుము విరిస్తే బూడిద రంగుగా వుంటుంది, పనిముట్టుకు లొంగుతుంది. గబాలున చల్లారితే కర్బనానికి విడివడే వ్యవధి వుండదు. ఇనుముతోనే కలిసి గాజంత గట్టి పదార్థమవుతుంది. అది తెల్ల ఇనుము. ఆకురాయికి లొంగదు, దెబ్బకు ఆగదు.

గబాలున చల్లారేది ఏది? పలచటిది. పెద్దాయన చక్రపు ఆకు మందం అయిదు మిల్లీమీటర్లు. చల్లటి తడి ఇసుకలో అది చూస్తుండగానే గడ్డకడుతుంది.

ఇక ఆ అంకెల మాట. మన భారతీయ ప్రమాణాల్లో ఐ.ఎస్. 210 అని ఒకటి వుంది. బూడిద పోత ఇనుమును అందులో ఏడు తరగతులు చేశారు: 150, 200, 220, 260, 300, 350, 400. 30 మిల్లీమీటర్ల లావు కడ్డీ విడిగా పోసి, రెండు కొసలూ పట్టుకుని లాగితే, చదరపు మిల్లీమీటరుకు కనీసం ఎన్ని న్యూటన్ల బలానికి ఆగాలో అదే ఆ అంకె. 200 రకమంటే, చదరపు సెంటీమీటరు మందమున్న ముక్కకు రెండు టన్నుల బరువు వేలాడదీసినా తెగకూడదన్న మాట. బాగుంది. కాని ఆ అంకె చెప్పేది బొటనవేలి కన్న లావైన కడ్డీ సంగతి. పలచటి చక్రపు ఆకులో అదే ఇనుము ఎలా వుంటుందో ఆ అంకె చెప్పదు.

ఇంకొక మెలిక వుంది. పై తరగతి ఇనుముకు అంత బలం ఎలా వస్తుంది? మామూలుగా కర్బనమూ సిలికానూ తగ్గించడం వల్ల. రేకులు తగ్గితే తెగే చోట్లు తగ్గుతాయి. అయితే కర్బనాన్ని రేకులుగా విడదీసేందుకు తోడుపడేదే సిలికాన్. అది తగ్గితే పలచటి చోట ఇనుము ఇట్టే తెల్లబడుతుంది. నేను ఫస్టు క్లాసు అనుకుని ఏరినది, లావుపాటి యంత్ర భాగాలకు భేషైన ఇనుము. ఆ కార్ఖానావాళ్ళు అలాంటివే రోజూ పోస్తారు. అడిగినది ఇచ్చారు. వాళ్ళు మందం అడగలేదు, నేను చెప్పలేదు.

ఈ ముక్క తెలిశాక ఇంక గుడి వీధిలోంచి తిరగడం నా వల్ల కాలేదు. ఒక సాయంత్రం వెళ్ళి వసారాలో కూర్చున్నాను. అత్త కాఫీ తెచ్చింది. కాఫీ చల్లారిపోయిందాకా చెప్పలేక, చివరికి చెప్పాను.

“మామా, 260 అన్నది నేనే. వాళ్ళు ఫోను చేసి అడిగితే, పెద్దది మంచిదనుకుని చెప్పేశాను.”

ఆయన నావైపు చాలాసేపు చూశాడు. “నువ్వు చెప్పినావా? వాళ్ళే పెట్టినారనుకున్నా. నన్నెందుకు అడగలేదప్పా?”

“మీకు ఫోనులో వినపడదు గదా అని…”

“వినపడకపోతే రాసి చూపించేది. రాసేవాడివి గదా నువ్వు.”

ఆ మాటకు జవాబు నాకు ఈనాటికీ దొరకలేదు. అత్త లోపలికి వెళ్ళిపోయింది. ఆయన లేచి, విరిగిన ఆకు ముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు. “షెడ్డులో మాకు పోత సామాను స్టోర్సు నుంచి తయారుగా వచ్చేది. ఈ అంకెలు మాకెవరు చెప్పినారు? మెత్తంది కావాల, పలచన ముక్క అని ఒక్క మాట చెప్పివుంటే సరిపోయేది” అన్నాడు. తిట్టలేదు. తిట్టివుంటే నేను హాయిగా ఇంటికి పోయేవాణ్ణి.

మరునాడు ఆయనకొక ఆలోచన వచ్చింది. తెల్లబడిన ఇనుమును ఎర్రగా కాల్చి, ఆ వేడిమీదే కొన్ని గంటలుంచి, నిదానంగా చల్లారిస్తే కర్బనం మళ్ళీ విడివడుతుంది. తొమ్మిదివందల డిగ్రీల దాకా వేడి కావాలి. అంత కొలిమి మనకెక్కడిదని నేనంటే నవ్వాడు. “పలమనేరులో వుండి అడగతావా?” మా వూరి మట్టి బొమ్మల సంగతి మీరు వినేవుంటారు, ఏనుగులూ గుర్రాలూ పూలకుండీలూ కాల్చే ఆవాలు ఇక్కడ వున్నాయి. తెలిసిన కుమ్మరివాళ్ళను బతిమాలి, పాడైన చక్రాలను మూత వున్న మట్టికుండలో ఇసుక నింపి కూర్చి, బొమ్మలతో పాటు కాల్పించాము. రెండో రోజు ఆవం తెరిచాక తీశాము. మంట బాగా తగిలిన అడుగు వరసలో రెండు చక్రాలు లొంగాయి. పై రెండూ లొంగలేదు. బొమ్మల ఆవానికి బొమ్మలకు కావలసిన వేడి చాలు. అంతకు మించి అడగడం మనదే తప్పు. లొంగిన రెండూ కొంచెం వంకరపోయాయి. అవి ఇప్పుడు మా ఇంట్లో పుస్తకాలకు అడ్డుపెట్టుకున్నాను.

ఇంక మళ్ళీ పోయించవలసిందే. ఆ ఖర్చు నేను పెట్టుకుంటానన్నాను, సగమే పెట్టుకోనిచ్చాడు. ఈసారి ఇంకొక చిన్న కార్ఖానా, పంపుల చిప్పలు పోసేది. అక్కడి మేస్త్రీ నమూనాను చేతిలోకి తీసుకుని మొట్టమొదట అడిగిన మాట “ఎంత మందం?” అని. గ్రేడు మాట ఎత్తనే లేదు. పెద్దాయన నావైపు ఓరగా చూశాడు.

మేస్త్రీ మూడు సంగతులు చెప్పాడు. ఒకటి, ఆకుల మందం అయిదు నుంచి ఆరున్నర మిల్లీమీటర్లు చెయ్యమన్నాడు. రెండు, ఆకు అంచుకు కలిసే మూలల్లో మైనం పూసి గుండ్రం చెయ్యమన్నాడు. పదునైన మూల దగ్గరే పగుళ్ళు వస్తాయట. మూడు, పోసిన సామానును మరునాటి దాకా ఇసుకలోంచి తీయనన్నాడు. పలచటి ఆకులు ముందు గడ్డకట్టి, లావు అంచు వెనక గడ్డకడుతూ లాగుతుంది గనక, తొందరపడితే లోపల బిగువు నిలిచిపోతుంది. ఇనుము చల్లారేటప్పుడు నూటికి ఒక పాలు కుదించుకుపోతుందని, అందుకు తగినట్టు నమూనాలు పెద్దవి చేయడం పెద్దాయనకు ముందే తెలుసు.

పోత రోజున మేము దగ్గర వున్నాము. మేస్త్రీ గరిటెలో ఇనుము పట్టి, అచ్చుల్లో పోయకుండా, ముందు ఒక చిన్న మేకులాంటి దానిని పోశాడు. ఒక అంచు లావు, రెండో అంచు కత్తి మొనలా పలచన. అది గడ్డకట్టాక నీళ్ళలో ముంచి, సుత్తితో విరిచి మాకు చూపించాడు. పలచటి అంచునుంచి సగం దాకా తెలుపు. “ఇది మీకు పనికిరాదు సామీ” అన్నాడు. గరిటెలో గుప్పెడు కన్న తక్కువ ఫెర్రోసిలికాన్ నలుసులు వేసి, కలియబెట్టి, ఇంకొక మేకు పోసి విరిచాడు. ఈసారి మొనలో నువ్వుగింజంత తెలుపు, మిగతా అంతా బూడిద. “ఇప్పుడు పొయ్యొచ్చు.” ఆ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టుకుని పెద్దాయన అలా చూస్తూ నిలబడ్డాడు. నేను చదివిన మూడు వారాల చదువూ ఆ రెండు ముక్కల్లో వుంది.

ఏ భాగానికి ఏ ఇనుమో ఆ రోజు తేలింది. చక్రాలకు 200 రకం, సిలికాన్ కొంచెం మొగ్గుగా. పొగగొట్టానికి, పీటకు బలంతో పనిలేదు. 150 అయినా చాలు, కాని ఒకే కొలిమి గనక అదే పోశారు. సిలిండర్ల దగ్గర మాత్రం నాకు మళ్ళీ అనుమానం వచ్చింది. లోపల ఆవిరి ఒత్తిడి వుంటుంది గదా, అక్కడైనా పెద్ద అంకె వద్దా? పెద్దాయన నా చేతికి కాగితం ఇచ్చి లెక్క రాయమన్నాడు. ఒత్తిడి చదరపు అంగుళానికి 80 పౌండ్లు, అంటే చదరపు మిల్లీమీటరుకు అర న్యూటను పైన. సిలిండరు లోపలి వ్యాసంలో సగం 19 మిల్లీమీటర్లు, గోడ మందం 8. హెచ్చవేసి భాగిస్తే గోడమీద పడే లాగుడు చదరపు మిల్లీమీటరుకు ఒకటింబాతిక న్యూటన్ల పైచిలుకు. 200కు ఆగే ఇనుము మీద ఒకటింబాతిక! నా 260కి అక్కడ చెయ్యడానికి పనే లేదు.

సిలిండరుకు బలం కన్న ఆవిరి కారనీయని గుణం ముఖ్యం, పిస్టను వేలసార్లు అటూ ఇటూ నడిచినా అరగని గుణం ముఖ్యం. గ్రాఫైటు రేకులు చమురును పట్టుకుని, తామూ కొంత జారుడునిస్తాయి. అలాగని మరీ మెత్తటి ఇనుము లావు చోట పలుకు పెద్దదై, సందుల్లోంచి ఆవిరి చెమరుస్తుంది. అందుకని సిలిండరుకు 200, 220 రకాలు, 150 కాదు. చూశారా, చిన్న అంకె మంచిదనుకున్నా మళ్ళీ తప్పే. ఇంకొక జాగ్రత్త కూడా వుంది. ఇత్తడి జాతి లోహాల్లా ఇది ఊరుకోదు; ఇంజను నడిపాక సిలిండరులో నీరు తీసి చమురు పట్టించకపోతే తుప్పు పడుతుంది.

పోత ఇనుము అసలే పెట్టకూడని చోట్లూ వున్నాయి. నొక్కితే ఎంత బరువైనా మోస్తుంది. లాగినా వంచినా చెప్పకుండా విరుగుతుంది. ఈ సంగతి లోకం ప్రాణాలిచ్చి నేర్చుకుంది. రిచర్డ్ ట్రెవిథిక్ అనే ఆంగ్లేయుడు 1804లో వేల్సు దేశంలో పట్టాల మీద మొట్టమొదట ఆవిరి ఇంజను నడిపాడు. పది టన్నుల ఇనుమూ, డెబ్బయిమంది మనుషులూ ఎక్కారు. ఇంజను నడిచింది, దాని బరువుకు పోత ఇనుప పట్టాలే విరిగాయి. దానికి ముందు ఏడు, 1803లో, ఆయనదే ఒక పోత ఇనుప బాయిలరు పేలి కూలివాళ్ళు చనిపోయారు. 1847లో ఇంగ్లండులో డీ నది మీద పోత ఇనుప దూలాల వంతెన రైలు కింద విరిగి అయిదుగురు పోయారు. అందుకే పెద్దాయన ఇంజనులో ఇరుసులూ తోపుడు కడ్డీలూ ఉక్కువి, బాయిలరు రాగిది.

విరగని పోత ఇనుము లేదా అంటే, వుంది. 1943లో అమెరికాలో కీత్ మిల్లిస్ అనే ఆయన కరిగిన ఇనుములో మెగ్నీషియం కలిపితే కర్బనం రేకులుగా కాక గుండ్లుగా పేరుకుంటుందని కనుక్కున్నాడు. ఆ ఇనుము వంగుతుంది. మన పక్కనే శ్రీకాళహస్తి దగ్గర రాచగున్నేరిలో చేసే నీటి గొట్టాలు ఆ జాతివే. మా మిత్రుడు అన్నీ దానితోనే పోయించమన్నాడు. పెద్దాయన ఒప్పుకోలేదు. “మేస్త్రీకి రాని పని ఆయన చేత ఏంటికి చేయించేది? చక్రానికి అంత వద్దు” అన్నాడు. చిన్న కార్ఖానాలో నాలుగు గరిటెల ఇనుముకు మెగ్నీషియం పట్టించడం, అది నిలిచిందో లేదో చూసుకోవడం అంత తేలికా కాదు.

ఇంట్లో ఆడవారు ఇదంతా మాకెందుకని అనుకోవద్దు. మీ దోసె పెనమూ పోత ఇనుమే. అది పలచగా వున్నా తెల్లబడకుండా పోయడంలో ఇదే నేర్పు వుంది. వేడి పెనం మీద చన్నీళ్ళు పోస్తే ఎందుకు పగులుతుందో, చెయ్యిజారి బండమీద పడితే ఎందుకు సొట్టపడక రెండు ముక్కలవుతుందో కూడా పైన చెప్పిన గుణమే. ఈ సంగతి మా ఆవిడకు చెబితే, “పెనం గట్టిదా కాదా అని ఏ నంబరు చూసి కొన్నాం? అట్టు సరిగా లేస్తే మంచి పెనం” అంది. నేను మూడు వారాలు చదివింది అదే.

కొత్త చక్రాలు వచ్చిన మరునాటి పొద్దున పెద్దాయన నన్ను పిలిచాడు. ఒక చక్రం లేతు మీద బిగించి వుంది. పనిముట్టు ఆనించాడు. ఈసారి అరుపు లేదు. ఉప్పు నూరినట్టు గరగరమని మెత్తటి చప్పుడు, కింద నల్లటి పొడి రాలుతోంది. ఉక్కులా చుట్టలు చుట్టుకోదు, పొడిగా రాలుతుంది. అదీ రేకుల మహిమే. రెండు నిమిషాలయ్యాక ఆయన చెయ్యి వణకడం మొదలయింది. పక్కకు జరిగి, “పిడి నువ్వు తిప్పు అయ్యవారూ. నిదానంగా. నేను చెప్పేదాకా ఆపొద్దు” అన్నాడు.

తిప్పాను. కొలత ఎప్పుడు అందిందో నాకు తెలియదు. ప్రతి చుట్టుకూ ఆయన్నే అడిగాను. వినపడకపోతే నల్లబడిన వేలితో లేతు బల్ల మీద అంకె రాసి చూపించాను. ఆయన తల ఆడించాకనే ముందుకు తిప్పాను.

ఎనిమిదింటిలో అయిదు చక్రాలు అయ్యాయి. ఇంజను ఇంకా నడవలేదు. ఆయన దసరా అంటున్నాడు, అత్త సంక్రాంతి అంటున్నది. నడిచిన రోజున మీకు తప్పక రాస్తాను. ఈలోగా కాలేజీలో పేపర్లు మళ్ళీ వచ్చాయి. దిద్దుతున్నాను. మార్కులు వేయక తప్పదు, వేస్తాను. కాని ఎవరైనా ఫోను చేసి ఏ అంకె వేయమంటారని అడిగితే, ముందు మందం ఎంతో కనుక్కుని చెబుతానంటున్నాను.